మెదడు ఆజ్ఞ నడచు త్రోవ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇట్టి ఉత్సవములలో పురాణ విషయమో ప్రబంధ విషయమో ప్రసంగించుట వాడుక. నేటి విషయము ఆ రెండింటిలో దేనికిని చెందదు. అయినను ఇచ్చట కూర్చున్న ప్రతివారి శరీరమునందును అది ఈ క్షణముననే జరుగుచున్నది. ఒకరు చేయి యెత్తి విసనకర్ర విసరుచున్నారు. ఒక తల్లి ఒడిలోని బిడ్డను సవరించుకొనుచున్నది. చేయి లేవవలెనని తోచుటకును, చేయి లేచుటకును నడుమ ఏమి జరిగినది? తలలో పుట్టిన ఆజ్ఞ ఏ దారిని దిగి, ఎచ్చట మలుపు తిరిగి, ఎచ్చట మజిలీ చేసి వ్రేలికొనను చేరినది?

ఆ దారి తెగినవారు పల్లెలలో ఏ వీధికి పోయినను ఒకరిద్దరు మంచముమీద కనబడుదురు. గాలి సోకినదని ఒకరు, చేతబడి జరిగినదని ఒకరు, పూర్వజన్మ కర్మమని ఒకరు చెప్పుదురు. జరిగినది దారి తెగుట. అది ఎచ్చట తెగినదో కనుగొనగలిగినచో చేయదగినదేదో, చేయరానిదేదో కొంతవరకు తెలియును.

మన ప్రాచీనులు దీనిని గమనింపకపోలేదు. చరకసంహితలో ఒక్క అంగము పడుట, ఒక పక్షము పడుట, సర్వాంగములును పడుట వేరువేరుగా చెప్పబడినవి. సుశ్రుతుడు పక్షాఘాతమును వివరించునపుడు, క్రిందికిని, అడ్డముగను, మీదికిని పోవు ధమనులను వాయువు ఆక్రమించుటచే శరీరములో ఒక సగము చెడునని వ్రాసెను. మోము వంకరపోవు అర్దితమును ఆయన వేరు వ్యాధిగా నెన్నెను. క్రిందికి దిగునది ఒకటి కలదనియు, అది చెడినచో చలనము పోవుననియు వారు పట్టుకొనిరి. నేటి శాస్త్రమంతయు ఆ గ్రంథములలోనే యున్నదని చెప్పువారు కొందరు కలరు గాని, అట్లు చెప్పుట ఆ ఋషులకు గౌరవము చేయుట కాదు. వారు చూచినంత వ్రాసినవారు. చూడనిది చూచితిమని వ్రాయలేదు.

ఇక, ఎవరి ఊహకును అందని సంగతి యొకటి ఈ త్రోవలో కలదు. దానిని మొదట స్పష్టముగా చెప్పినవాడు కప్పదోకియ దేశీయుడైన అరీటియసు అను గ్రీకు వైద్యుడు. ఆయన క్రీస్తుశకపు తొలి శతాబ్దులవాడు. తలలో కుడివైపున హాని కలిగినచో ఎడమ కాలుసేతులు పడుననియు, తలకు దిగువ వెన్నులో హాని కలిగినచో హాని కలిగిన వైపుననే పడుననియు ఆయన వ్రాసెను. దీనికి కారణముగా నాడులు పుట్టినచోటినుండి తిన్నగా దిగక, గ్రీకు లిపిలోని ఒక యక్షరమువలె, అనగా మన గుణకారపు గుర్తువలె, ఒకదాని నొకటి దాటి ఎదుటివైపునకు పోవునని ఆయన చెప్పెను. ఈ మాట పదునైదువందల యేండ్లకు పైగా గ్రంథములలోనే యుండిపోయినది. కోసి చూచి ఔననువారు లేకపోయిరి. 1709లో ఇటలీ దేశపు వైద్యుడు మిస్టికెల్లి మెదడునకును వెన్నుపామునకును నడుమనుండు మజ్జాముఖముపైన తంతువులు జడ అల్లినట్లు ఒకదానినొకటి దాటుట కనుగొనెను. మరుసటి యేట నామూరు కోటలోని సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన ఫ్రెంచి వైద్యుడు పూర్‌ఫూరు దు పెటీ, తలకు గాయములైన సైనికులను చూచియు, కుక్కలపై పరీక్షలు చేసియు అదియే సంగతిని స్థిరపరచెను.

ఆ దాటు ఎందుకు కలిగినదన్న ప్రశ్నకు పలువురు పలు ఊహలు చేసిరి, అవి ఊహలే. దాని ఫలము మాత్రము నిశ్చయము. కుడిచేయి పడినవానికి కుడిచేతిలో లోపము లేదు. ఆ చేతిని ఎంత మర్దించినను, ఎన్ని తైలములు పూసినను, కొన్నియెడల చేయునట్లు పావురపు నెత్తురు పట్టించినను, చెడినచోటికి అవి చేరవు. చెడినది తలలో ఎడమప్రక్కన ఎముకపెట్టెలో నున్నది. చేయి బిగుసుకొనిపోకుండుటకు మెల్లగా వంచుచు చాచుచు నుండుట మంచిదే. కాని దానిని చికిత్స యనుకొని ఆసుపత్రికి పోవు గడియలను పోగొట్టుకొనుట వేరు.

ఆజ్ఞ పుట్టు చోటేది యను ప్రశ్నకు సమాధానము మరింత ఆలస్యముగా వచ్చినది. మెదడు పైపొర ఆలోచనకే గాని చలనమునకు సంబంధించినది కాదని పందొమ్మిదవ శతాబ్దపు పండితులు చాలమంది నమ్మియుండిరి. లండనులో హ్యూలింగ్సు జాక్సను అను వైద్యుడు మూర్ఛరోగులను కనిపెట్టి చూచుచుండెను. కొందరిలో ఈడ్పు ఒక బొటనవ్రేలిలోనో, నోటి మూలనో మొదలై, క్రమముగా చేతికిని, ముఖమునకును, కాలికిని ప్రాకుచుండెను. ప్రాకుటలో వరుస యున్నది కాబట్టి మెదడులో అంగములకు వరుసగా చోటులుండవలెనని ఆయన తలచెను. 1870లో బెర్లినులో ఫ్రిట్షు, హిట్జిగు అను ఇరువురు కుక్క మెదడు ముందుభాగమునకు సన్నని విద్యుత్తు తాకించిరి. ఒకచోట తాకించినప్పుడు ఎదుటివైపు ముంగాలును, మరియొకచోట తాకించినప్పుడు వెనుకకాలును కదలినవి. నాలుగేండ్లకు కీవు నగరమున బెట్జు అను శాస్త్రజ్ఞుడు ఆ భాగములోనే మెదడంతటిలోను మిక్కిలి పెద్దవైన నాడీకణములను సూక్ష్మదర్శినిలో చూచెను.

మనుష్యుల మెదడులో ఈ పటమును గీచినవాడు కెనడా దేశమున మాంట్రియలు నగరములోని వైల్డరు పెన్‌ఫీల్డు. మెదడునకు తనకు తాను నొప్పి తెలియదు. కాబట్టి ఆయన నెత్తి చర్మమునకు మాత్రము మత్తుమందు పొడిచి, రోగి మెలకువగా మాటాడుచుండగనే శస్త్రము చేసెడివాడు. తీసివేయదగిన భాగమేదో, తాకరానిదేదో తెలిసికొనుటకు విద్యుత్తు తాకించి చూచెడివాడు. 1937లో బోల్డ్రే అను సహచరునితో కలిసి ఆయన ప్రకటించిన వివరముల ప్రకారము, చెవులకు పైగా నడినెత్తికి పోవు ఒక పట్టీలో దేహమంతయు తలక్రిందులుగా నున్నది. నడినెత్తిన కాలు, దానికి దిగువ మొండెము, పిదప చేయి, చెవికి సమీపమున ముఖమును నాలుకయు. భూమి లెక్కలు తెలిసినవారికి ఈ పంపకము వింతగా తోచును. విస్తీర్ణమును బట్టి కాక పనిని బట్టి అచ్చట భూమి పంచబడినది. అంత పెద్ద వీపునకు రెండు సెంట్లు. బొటనవ్రేలికిని, పెదవులకును, నాలుకకును ఎకరములు. కంసాలి చేతిలోని సున్నితమునకును, హరికథకుని నోటిలోని వేగమునకును ఈ మాగాణియే ఆధారము.

పెన్‌ఫీల్డు విద్యుత్తు తాకించినపుడు చేయి కదలిన రోగులు, తాము దానిని కదల్పలేదనియు, వైద్యుడే కదల్చెననియు చెప్పెడివారట. ఆజ్ఞ నడచు దారి దొరికినది. ఆజ్ఞ యిచ్చువాడెవడన్న ప్రశ్న వేదాంతులకును, శాస్త్రజ్ఞులకును ఉమ్మడిగా మిగిలియున్నది.

ఆ పట్టీనుండియు, దానికి ముందు వెనుకల భాగములనుండియు బయలుదేరిన తంతువులు క్రిందికి దిగుచు ఒకచోటికి చేరును. తాటాకు విసనకర్రలో పైన విశాలముగా పరచుకొన్న ఈనెలు పిడియొద్ద ఇరుకుగా కూడునట్లు, మెదడు లోపల ఒక ఇరుకు కనుమలో ఇవన్నియు ఒత్తుకొని సాగును. ఈ సంగతి అందరును గుర్తుంచుకొనదగినది. పైన మెదడుపొరలో గోరంత చోటు చెడిన ఒక చేయి మాత్రమే బలహీనము కావచ్చును. ఆ పిడియొద్ద శనగగింజంత చోటు చెడిన ముఖము, చేయి, కాలు మూడును ఒక్కసారిగా పడవచ్చును. ఆ కనుమకు నెత్తురు నందించు నాళములు వెంట్రుకలవలె సన్ననివి. ఏండ్ల తరబడి రక్తపుపోటు అధికముగా నుండి, దానిని లెక్కచేయనివారిలో అవి పూడుకొనిపోవుటయో, చిట్లుటయో జరుగును. పోటు అధికముగా నున్నను దేహమున బాధ తెలియదు. తెలియకపోవుటయే దాని యపాయము.

నాళము పూడినదో చిట్లినదో పైకి చూచి చెప్పుటకు వీలులేదు. తలను స్కానింగు తీసి చూడవలెను. పూడినదైనచో గడ్డను కరిగించు మందు కలదు. దానిని లక్షణము మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇచ్చినచో ప్రయోజనము. ఎంత ముందైన అంత మేలు. చిట్లినదైనచో ఆ మందే ప్రాణము తీయును. కాబట్టి మూతి ఒకవైపునకు జారినను, ఒక చేయి నిలువక వాలినను, మాట ముద్దయైనను, తెల్లవారనిమ్మనక అట్టి సౌకర్యముగల ఆసుపత్రికి బండి కట్టవలెను. ఏ గంటకు మొదలైనదో గుర్తుంచుకొని అచ్చట చెప్పవలెను. ఈలోపల నోట కషాయము పోయరాదు; మ్రింగు శక్తి చెడియున్నచో అది ఊపిరితిత్తులలోనికి పోవును.

ముఖము విషయమున ఒక సూక్ష్మము కలదు. నుదుటి కండరములకు మెదడు రెండు సగములనుండియు ఆజ్ఞలు వచ్చును. మూతి కండరములకు ముఖ్యముగా ఎదుటి సగమునుండియే వచ్చును. అందుచే మెదడులో చెడినప్పుడు సాధారణముగా మూతి వంకరపోయినను, కనుబొమలు రెండును లేచును. ముఖమునకు వచ్చు నాడియే చెడినచో ఆవైపు కనుబొమ లేవదు, కన్ను మూతపడదు. సుశ్రుతుడు అర్దితమును పక్షాఘాతమునుండి వేరుచేసెనని పైని చెప్పబడినది. నేటి వైద్యుడు రోగిని కనుబొమ లెత్తుమని అడుగుట ఆ భేదమును తేల్చుకొనుటకే. అయితే ఇంటివారు ఈ పరీక్ష చేసి, పరవాలేదని తీర్పుచెప్పి ఇంటనే నిలుచుట మాత్రము తగదు.

కనుమ దాటిన తంతువులు మెదడు కాండము గుండ దిగి మజ్జాముఖమును చేరును. అచ్చట ముందరివైపున రెండు ఉబ్బులుగా అవి కనబడును. ఆకారమును బట్టి వానికి పిరమిడ్లని పేరు. ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షల తంతువులు. ఆ పిరమిడ్ల అడుగుననే పెటీ చూచిన దాటు. నూటికి 85 మొదలు 90 వరకు తంతువులు అచ్చట ఎదుటివైపునకు పోవును. మిగిలినవి వచ్చినవైపుననే సాగును. పిదప త్రోవ వెన్నుపాములో ప్రవేశించును. వెన్నుపామనగా వెన్నెముక కాదు. వెన్నెముకలోని గొట్టములో భద్రముగా వ్రేలాడు మెత్తని త్రాడు. చిటికెనవ్రేలి లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, అనగా ఒక మూర. మెడ క్రింద మనిషికి గల చలనమంతయు ఈ మూరెడు త్రాటిమీద ఆధారపడియున్నది. దానినుండి 31 జతల నాడులు ఇరుప్రక్కలకు వెడలును. తలనుండి బొటనవ్రేలి కండరమునకు ఆజ్ఞ చేరుటకు సెకనులో సుమారు ఏబదవ భాగము పట్టును.

అయితే తలనుండి బయలుదేరిన తంతువు తిన్నగా కండరమునకు పోదు. పూర్వము జిల్లా కచేరీనుండి వెడలిన తాఖీదు తాలూకా కచేరీలో దిగి, అచ్చటినుండి వేరొక బంట్రోతు చేత గ్రామము చేరెడిది. అట్లే పై తంతువు వెన్నుపాములో ఆగి ఆజ్ఞను అప్పగించును. వెన్నుపామును అడ్డముగా కోసి చూచిన నడుమ బూడిదరంగు భాగము సీతాకోకచిలుక రెక్కలవలె కనబడును. ఆ రెక్కల ముందరి కొమ్ములలో రెండవ మజిలీ కణములు గలవు. కండరమును కదల్చునవి ఈ కణముల తంతువులే. పైనుండి ఎన్ని దారులు వచ్చినను, కండరమును చేరుటకు ఈ యొక్క దారియే గతి. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్టను దీనిని కడపటి ఉమ్మడి దారి యని వర్ణించెను.

ఇప్పుడు దారి ఎచ్చట తెగినదో కనుగొను కిటుకు చెప్పవచ్చును. రెండవ మజిలీలో తెగినచో అంగము మెత్తబడి వ్రేలాడును, కండ కరగిపోవును, మోకాలి చిప్ప క్రింద తట్టినను కాలు ఎగురదు. పోలియో క్రిమి చంపునది ఈ ముందరి కొమ్ము కణములనే. ఒకప్పుడు ప్రతి గ్రామమునందును పుల్లవలె సన్నగిల్లిన కాలితో కుంటు పిల్లలు కనబడిరి. వారికి తెలివిలోగాని, స్పర్శలోగాని లోపము లేదు; రెండవ మజిలీ బంట్రోతు మాత్రము చచ్చెను. చుక్కల మందు ప్రచారమువలన భారతదేశమున 2011 జనవరి తరువాత ఆ క్రిమి సహజముగా సోకిన బిడ్డ కనబడలేదు. 2014 మార్చి 27న ఈ ప్రాంతము పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

మొదటి మజిలీలో తెగినచో కథ వేరు. తొలిదినములలో అంగము మెత్తగా నున్నను, కొన్ని వారములకు బిగుసుకొనును. చేయి మోచేతియొద్ద ముడుచుకొనును, కాలు కర్రవలె చాచుకొనును. కండ అంతగా కరగదు. మోకాలి క్రింద తట్టిన కాలు మామూలుకంటె ఎక్కువగా ఎగురును. ఇది చూచి కొందరు బలము తిరిగి వచ్చుచున్నదని సంతోషింతురు. అది బలము కాదు. పైనుండి దిగు దారులు 'చేయుము' అను ఆజ్ఞలనే గాక 'ఆగుము' అను ఆజ్ఞలను గూడ తెచ్చుచుండును. ఆపువాడు లేకపోవుటచే క్రింది కచేరీ తనంత తాను విజృంభించుచున్నది.

దీనిని పట్టుకొనుటకు పారిసులోని బాబిన్‌స్కీ అను వైద్యుడు 1896లో ఒక పరీక్ష చెప్పెను. ఆయన తొలి ప్రకటన 28 పంక్తులు మాత్రమే. అంత కొద్ది పంక్తులతో అంత కీర్తి పొందిన శాస్త్రవ్యాసము అరుదు. అరికాలి వెలుపలి అంచున మొద్దుబారిన పుల్లతో మడమనుండి వ్రేళ్లవైపునకు గీచినచో ఆరోగ్యవంతుని కాలివ్రేళ్లు క్రిందికి ముడుచుకొనును. పై దారి చెడినవానిలో బొటనవ్రేలు మీదికి లేచును. పనిముట్టు పుల్ల; ఖర్చు సున్న. తల తెరువకయే తలలోనో వెన్నులోనో దారి చెడినదని అది చెప్పును.

చంటిబిడ్డలలో మాత్రము ఈ వ్రేలు మీదికి లేచుట సహజము. ఏలయన, వారి త్రోవ ఇంకను పూర్తి కాలేదు. విద్యుత్తు తీగెకు తొడుగువలె నాడీతంతువునకు తెల్లని కొవ్వు తొడుగు ఉండవలెను; అది పుట్టినపిదప రెండేండ్లవరకును క్రమముగా ఏర్పడుచుండును. బిడ్డ మొదట పిడికిలినిండ పట్టుకొని, పిదప బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను నేలమీది మెతుకు నేరుకొనుట ఆ దారి నిర్మాణము సాగుచున్నదనుటకు గురుతు. తొందరపడి నిలువబెట్టి నడిపింపజూచు అవ్వలు ఈ సంగతి తెలిసినచో కొంచెము ఓపికపట్టుదురు.

పిరమిడ్ల దారి యొక్కటియే దారి కాదు. మెదడు కాండమునుండి బయలుదేరు ప్రాచీనమైన దారులు మరికొన్ని కలవు. లోచెవిలోని తులాభారమువంటి యంత్రమునకు సంబంధించినది ఒకటి; చేను గట్టుమీద కాలు జారినపుడు తలచుకొనకమునుపే దేహమును నిలువబెట్టునది అదియే. మొండెమును, భుజములను, తుంటిని సవరించునవి మరికొన్ని. 1968లో లారెన్సు, కైపర్సు అను శాస్త్రజ్ఞులు కోతులలో రెండు పిరమిడ్లను ఛేదించి చూచిరి. కొంతకాలమునకు అవి కూర్చున్నవి, నడచినవి, ఎగబ్రాకినవి. కాని చిన్న గుంటలోని ఆహారమును ఒక్కొక్క వ్రేలితో విడిగా తీసికొనలేకపోయినవి. పక్షవాతమునుండి కోలుకొనువారిలో కాలు ముందు వచ్చి, వ్రేళ్లు కడపట వచ్చుటకు, కొందరికి రాకయే పోవుటకు, కారణము దీనితో కొంత బోధపడును. నడక వచ్చినది గదా, బొత్తాము పెట్టుకొనలేడేమి, సోమరితనము గాదా యని రోగిని కసరు బంధువులు ఈ కోతుల సంగతి వినదగినది.

ఇక పొలమునకును వంటయింటికిని సంబంధించిన సంగతి. సాగరు ప్రాంతమున పనిచేసిన ఆంగ్లాధికారి స్లీమను 1844లో ప్రకటించిన గ్రంథమునందు ఒక దారుణము వ్రాసెను. 1829లో వడగండ్లచే గోధుమపైరు పోయినది. మరుసటి యేట వాన చాలలేదు. 1831లో తెగులు తగిలినది. ఈ మూడేండ్లును గోధుమ నడుమ కలుపుగా మొలచు కేసరి మాత్రము ఏపుగా పండినది. జనులు ఆ గింజ తిని బ్రతికిరి. 1833లో ముప్పది యేండ్లలోపు యువజనులు నడుము క్రింద చచ్చుబడనారంభించిరి. ఆ గ్రామమున రెండేండ్లలో యువతీయువకులు సగమునకు సగము ఈ పాలబడిరి. కరవు తీర్చిన గింజయే కాళ్లు తీసికొన్నది.

ఇది కొత్త వ్యాధి కాదు. నడక మొదలిడగనే వణకి కుంటుచు పోవు కలాయఖంజమను రోగమును సుశ్రుతుడు చెప్పెను. కలాయమనగా బఠాణీజాతి గింజ. పదునారవ శతాబ్దపు భావప్రకాశమునందు త్రిపుటమను పేర ఈ కేసరి పప్పును పేర్కొని, అది కుంటితనమును, పంగుత్వమును కలిగించునని స్పష్టముగా వ్రాయబడినది. ఈ మాట గ్రంథమునందుండగనే మూడువందల యేండ్ల తరువాత సాగరు యువకులు కూలిరి. చదువగలవారికి గ్రంథము దొరకలేదు. ఆకలిగొన్నవారికి చదువు లేదు. గ్రంథాలయోత్సవమునాడు ఇది చెప్పుకొనక తప్పదు.

ఈ రోగమున చెడునది నేటి ప్రసంగ విషయమైన దిగు దారియే. కాళ్లకు పోవు తంతువులు అన్నిటికంటె పొడవైనవి కాబట్టి అవి ముఖ్యముగా దెబ్బతినును. స్పర్శ పోదు, బుద్ధి పోదు, చేతులు చాలవరకు పనిచేయును. కాళ్లు బిగిసి, మోకాళ్లు ఒకదానినొకటి దాటుచు, మునివ్రేళ్లపై కత్తెరనడక నడుచును. తినుట మానినచో రోగము పెరుగదు గాని, పోయినది తిరిగి రాదు. దీనికి మూలమైన విషమును 1964లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందు ఎస్‌. ఎల్‌. ఎన్‌. రావు, అడిగ, శర్మ అను శాస్త్రజ్ఞులు గింజనుండి వేరుచేసి దాని నిర్మాణమును తేల్చిరి. అది నాడీకణములను అతిగా రెచ్చగొట్టి చంపును. రావుగారు పిదప హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ పరిశోధనను సాగించిరి. ఈ పప్పు అమ్మకముపై 1961లోనే నిషేధము వచ్చినది. విషము తక్కువగల వంగడములును తరువాత వచ్చినవి. అయినను చవుకదనముచే కందిపప్పులోను, శనగపిండిలోను కలుపు వర్తకులుందురు. కందిబద్ద గుండ్రనిది, కేసరి గింజ గొడ్డలివలె ఒకవైపు నరికినట్లుండును. అప్పుడప్పుడొకసారి కలిసిన పప్పు తిన్నందున భయము లేదు. నెలల తరబడి అదియే ముఖ్యాహారమైనప్పుడు ముప్పు.

తెలుగుదేశమునకు మరింత దగ్గరి హాని నీటిలో నున్నది. 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో, నూతినీటిలోని ఫ్లోరైడు ఎముకలను చెరచి మనుష్యులను వంచివేయుచున్నదని షార్టు మొదలైన వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ పేరు చెప్పినచో ఈ బాధ అందరికిని తలపునకు వచ్చును. పండ్లపై గారలు, కీళ్ల బిగింపు అందరును ఎరిగినవే. ఎరుగనిదేమనగా, వెన్నెముక లోపల ఎముక పెరిగి, త్రాడు ఉండవలసిన గొట్టము ఇరుకగును. మూరెడు వెన్నుపాము ఒత్తిడికి నలిగి, కాళ్లు బిగుసుకొని, పెద్దవారు ముప్పది నలుబది యేండ్ల వయసుననే మంచము పట్టుట జరిగినది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లిగ్రామునకు మించరాదని నియమము. రుచి వలనగాని, రంగు వలనగాని అది తెలియదు. నీరు తియ్యగనే యుండును. కొత్తగా బోరు వేసినచోట నీటిని పరీక్షింపించుటకు పట్టు శ్రమ చాల స్వల్పము.

తాటిచెట్టునుండియో, మేడనుండియో పడినవారిని గూర్చి చెప్పవలసినది కొంచెమే గాని ముఖ్యము. వెన్నెముక విరిగినను, లోపలి త్రాడు అప్పటికింకను తెగియుండకపోవచ్చును. ఒకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టి ఎత్తి, ఎడ్లబండిలోనో ఆటోలోనో కుదించి కూర్చుండబెట్టినప్పుడు విరిగిన ఎముక కదలి దానిని తెగగోయును. పడినవాడు కాళ్లు కదల్పలేకున్నను, మెడయందో వెన్నునందో నొప్పి యన్నను, తల, మెడ, మొండెము ఒకే వరుసలో నుండునట్లు నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు దొర్లించి, తలుపుచెక్కవంటి బల్లమీదికి చేర్చి, తల కదలకుండ పట్టి, పరుండబెట్టియే తీసికొనిపోవలెను. 108 బండి వచ్చు వీలున్నచో అంతవరకు కదపకుండుటయే మేలు.

వెన్నుపాములో తెగిన తంతువులు చేతినాడులవలె తిరిగి పెరుగవు. కొంతకాలము క్రిందటివరకు శాస్త్రము అచ్చటనే ఆగియుండెను. 2023లో స్విట్జర్లాండు దేశపు లోజాను నగరమున శాస్త్రజ్ఞులు చేసిన పని ప్రకటింపబడినది. 2011లో సైకిలు ప్రమాదమున మెడయొద్ద వెన్నుపాము దెబ్బతిని కాళ్లు స్వాధీనము తప్పిన ఒక డచ్చి దేశీయుని తలలో, చలనపు పట్టీ మీద, విద్యుత్తు గ్రహించు పలకలను అమర్చిరి. నడుమునొద్ద వెన్నుపాముపై విద్యుత్తు నందించు పలక నమర్చిరి. నడవవలెనని అతడు తలచినపుడు మెదడులో పుట్టు సంకేతమును యంత్రము చదివి, తెగిన భాగమును దాటించి, క్రింది కచేరీకి అప్పగించును. అతడు నిలిచినాడు, నడచినాడు, మెట్లెక్కినాడు. యంత్రముతో చాలకాలము అభ్యాసము చేసిన పిదప, ఆ యంత్రమును ఆపివేసినప్పుడు సయితము ఊతకర్రల సాయముతో కొంత నడవగలిగినాడు. పూర్తిగా తెగని తంతువులు కొన్ని అన్ని యేండ్లును లోపల మిగిలియుండి, అభ్యాసముచే మేలుకొనినవని శాస్త్రజ్ఞుల తలంపు.